రోజూ పరుగెత్తే వాళ్ళు విశ్రాంతి ఎలా తీసుకోవాలి

"అన్నా, ఆదివారం రెస్ట్ తీసుకుంటే స్టామినా పోద్దా?"

నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో పొద్దున్నే రౌండ్లు కొట్టే పిల్లలు ఈ మాట అడగని వారం ఉండదు. ఒంగోలు నుంచి, కావలి నుంచి ఫోన్ చేసేవాళ్ళదీ ఇదే భయం. కొందరు కానిస్టేబుల్ సెలక్షన్లకు తయారవుతుంటారు, కొందరు మొదటి హాఫ్ మారథాన్‌కు (21 కి.మీ. పరుగు పందెం) పేరు ఇచ్చి ఉంటారు. అందరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకచోట వివరంగా రాస్తే మేలనిపించింది.

ముందు జవాబు: పోదు. ఒక రోజు కాదు, వారం ఆగినా దమ్ము చెప్పుకోదగ్గంత తగ్గదు. రెండు వారాలు దాటాక తగ్గుదల తెలుస్తుంది. చెక్ పరుగువీరుడు ఎమిల్ జటోపెక్ 1950లో యూరోపియన్ పోటీలకు ముందు తిన్న తిండి వికటించి రెండు వారాలు ఆసుపత్రిలో పడుకున్నాడు. బయటికొచ్చిన కొద్ది రోజులకే బ్రస్సెల్స్‌లో 10,000 మీటర్లు, 5,000 మీటర్లు రెండూ గెలిచాడు. అంతకుముందు పడిన శ్రమ ఒంటికి పట్టడానికి ఆ పడక పనికొచ్చిందని పరుగు తెలిసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

నాకు ఇది దెబ్బ తగిలాకే అర్థమైంది. మొదటి హాఫ్ మారథాన్ కోసం 37 రోజులు ఒక్కరోజు కూడా ఆపకుండా పరుగెత్తాను. నాలుగో వారంలో కుడికాలి ముందు ఎముక మీద రూపాయి బిళ్ళంత చోట నొప్పి మొదలైంది. ఒకచోట నొప్పి ఇంజెక్షన్ ఇచ్చి "ఏం కాదు, పరుగెత్తు" అన్నారు. నేనూ నమ్మి పరుగెత్తాను. చివరికి ఎమ్మారైలో ఎముక చిట్లిందని తేలింది. ఎనిమిది వారాలు పరుగు లేదు, ఆ రేసూ లేదు. మీలో ఒక్కరికి కూడా అది రాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

కావలసినవి

ఒక నోట్‌బుక్, పెన్ను. సెకన్లు చూపే గడియారం, లేదా ఫోన్. స్మార్ట్ వాచ్ ఉంటే సరే, లేకపోతే దీనికోసం కొనక్కర్లేదు. ఇంట్లో బరువు చూసుకునే మిషన్. నాలుగైదు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. మంచి దోమతెర, నెల్లూరు దోమల సంగతి మీకు చెప్పాల్సిన పని లేదు, మూడుసార్లు లేచి దోమలు కొట్టుకున్న రాత్రి నిద్ర కిందికి రాదు. వీటన్నిటికంటే కష్టమైనది, ఇంట్లోవాళ్ళ ఒప్పుదల. తొమ్మిదిలోపే టీవీ కట్టేయమని అడగాల్సి వస్తుంది కాబట్టి ఎందుకో ముందే కూర్చోబెట్టి చెప్పండి.

1. పొద్దున నాడి చూసి రాసుకోండి

నిద్ర లేవగానే, మంచం దిగకముందే, ఫోన్ చూడకముందే చేయాల్సిన పని ఇది. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు రెండు వేళ్ళు ఆనించి 60 సెకన్లు లెక్కపెట్టండి. 15 సెకన్లు లెక్కేసి నాలుగుతో గుణిస్తే చిన్న తప్పు కూడా పెద్దదవుతుంది. ఇలా 7 రోజులు రాసి సగటు తీయండి. అది మీ లెక్క. పక్కవాడి నాడి 52, నాది 64 అని పోల్చుకోవద్దు, దాంతో పని లేదు.

తర్వాత రోజూ చూస్తూ ఉండండి. సగటుకంటే 5, 6 ఎక్కువుంటే ఆ రోజు వేగం పరుగు పెట్టుకోకండి, నిదానంగా వెళ్ళండి. 10 పెరిగితే ఆ రోజు పరుగు మానేయండి. నాడి పక్కన రెండు మాటలు కూడా రాయండి: ఎన్ని గంటలు నిద్రపోయారు, కాళ్ళు ఎలా ఉన్నాయి.

ఒక జాగ్రత్త. ఉక్కపోసిన రాత్రి, ఆలస్యంగా తిన్న పెళ్ళి భోజనం, జ్వరం, మద్యం, ఇవన్నీ నాడిని పెంచుతాయి. అందుకే ఒక్కరోజు అంకె చూసి కంగారు పడకండి. అయితే కారణం ఏదైనా ఒళ్ళు ఆ రోజు బరువు మోస్తోందన్నది మాత్రం నిజం.

2. వారంలో విశ్రాంతి రోజులను ముందుగా గుర్తుపెట్టండి

చాలామంది పరుగు రోజులు రాసుకుని, మిగిలిన రోజు విశ్రాంతి అంటారు. అలా చేస్తే అది ఎప్పటికీ మిగలదు. ముందు విశ్రాంతి రోజు రాసి, దాని చుట్టూ పరుగులు పేర్చండి. వారానికి 40 కి.మీ. అటూ ఇటూగా పరుగెత్తేవాళ్ళకు నేను చెప్పే వారం ఇది:

సోమవారం: పూర్తి విశ్రాంతి.
మంగళవారం: 6 కి.మీ. నిదానం.
బుధవారం: వేగం. ఒళ్ళు వేడెక్కాక 400 మీటర్లు 8 సార్లు, మధ్యలో నడక.
గురువారం: 5 కి.మీ. బాగా నిదానం, లేదా 40 నిమిషాల నడక.
శుక్రవారం: 7 కి.మీ. నిదానం.
శనివారం: 4 కి.మీ., లేదా విశ్రాంతి.
ఆదివారం: 14 కి.మీ. లాంగ్ రన్, అంటే వారంలో అన్నిటికంటే పొడుగు పరుగు.

రోజులు మీ వీలును బట్టి మార్చుకోండి. మార్చకూడనిది ఒకటే: రెండు కష్టమైన రోజులు పక్కపక్కన రాకూడదు. లాంగ్ రన్ కూడా కష్టమైన రోజే.

నిదానం అంటే ఎంత అని మళ్ళీ అడుగుతారు. పక్కన పరుగెత్తే మనిషితో ఆయాసం లేకుండా పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. రెండు మాటలకొకసారి గాలి పీల్చుకుంటున్నారంటే అది నిదానం కాదు. మన దగ్గర ఎక్కువమంది తప్పేది ఇక్కడే. నిదానం రోజున ఎవరో దాటిపోతే వెంటపడతారు. బుధవారం వచ్చేసరికి కాళ్ళలో వేగం ఉండదు. దాటిపోయేవాళ్ళను పోనివ్వండి.

ఇంకొన్ని పరిస్థితులు:

కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు వారానికి మూడు, నాలుగు రోజులే పరుగెత్తండి, రోజు విడిచి రోజు. 45 ఏళ్ళు దాటినవాళ్ళకు వారంలో రెండు పూర్తి విశ్రాంతి రోజులు కావాలి.

1,600 మీటర్ల సెలక్షన్‌కు తయారయ్యేవాళ్ళు రోజూ టైమ్ పెట్టి పరుగెత్తుతున్నారు. దయచేసి అది ఆపండి. టైమ్ ట్రయల్ పది రోజులకొకసారి చాలు. రోజూ పరీక్ష రాస్తే చదివేదెప్పుడు?

చీమకుర్తి క్వారీల్లో పనిచేసేవాళ్ళు, పొగాకు బ్యారన్ల దగ్గర, నాట్ల దగ్గర రోజంతా ఒళ్ళు వంచేవాళ్ళు మీ పనిని కూడా లెక్కలో వేసుకోండి. బరువులు మోసిన రోజు కష్టమైన రోజే. ఆ సాయంత్రం వేగం పరుగు వద్దు. రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా చేసేవాళ్ళు డ్యూటీ దిగి నేరుగా పరుగుకు వెళ్ళకండి. ముందు పడుకుని లేచి, సాయంత్రం వెళ్ళండి.

విశ్రాంతి రోజున ఏం చేయొచ్చు? అరగంట నడక, తేలిగ్గా సాగదీసుకోవడం సరే. మధ్యాహ్నం ఎండలో క్రికెట్ విశ్రాంతి కాదు. మైపాడు బీచ్‌లోనో, కొత్తపట్నంలోనో ఇసుకలో పరుగు కూడా కాదు. మెత్తటి ఇసుక పిక్కలనూ మడమ నరాన్నీ రోడ్డుకంటే ఎక్కువ లాగుతుంది. అలాగే నరసింహకొండ ఎక్కినవాళ్ళు గమనించండి: ఎక్కడం కంటే దిగుతూ పరుగెత్తడం వల్లే తొడలు ఎక్కువ నొప్పి పుడతాయి, అదీ రెండో రోజుకు బాగా తెలుస్తుంది. కొండ తర్వాతి రెండు రోజులూ నిదానమే.

3. పరుగు ముగిసిన మొదటి రెండు గంటలు

గేటు దగ్గర ఆగి వెంటనే బండెక్కకండి. పది నిమిషాలు నడవండి, చెమట ఆరనివ్వండి.

తర్వాత బరువు. పరుగుకు ముందు, తర్వాత తక్కువ బట్టలతో తూచుకోండి. ముందు 64 కిలోలు, తర్వాత 62.8 అనుకుందాం. తగ్గిన 1.2 కిలోలు దాదాపు అంతా నీరే. దాన్ని పూడ్చడానికి ఒకటిన్నర లీటరు, లేదా కొంచెం పైన, మూడు నాలుగు గంటల్లో కొంచెం కొంచెంగా తాగాలి. ఒక్కసారి ఎత్తి పోసుకోకూడదు. మే నెలలో నెల్లూరులో తెల్లవారుజామున కూడా గంట పరుగుకు కిలోకు పైగా తగ్గేవాళ్ళు చాలామంది. ఇది నాలుగైదుసార్లు చూసుకుంటే మీ చెమట లెక్క తెలిసిపోతుంది, ఆపై రోజూ తూచక్కర్లేదు.

వట్టి నీళ్ళే లీటర్లకు లీటర్లు తాగితే ఒంట్లో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతులు, తికమక వస్తాయి, ప్రాణం మీదికీ రావచ్చు. ఉప్పు వేసిన మజ్జిగ, ఉప్పు నిమ్మరసం, గంజి, కొబ్బరి నీళ్ళు కలుపుకోండి. గంటన్నర దాటిన పరుగు తర్వాత ఓఆర్‌ఎస్ మంచిది. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసి, రాసిన కొలత నీళ్ళలోనే మొత్తం కలపండి. సగం ప్యాకెట్ గ్లాసులో వేసుకుంటే లెక్క తప్పుతుంది. అలాంటి పేర్లతో అమ్మే తియ్యటి పానీయాలు దీనికి బదులు కావు. కనిగిరి, పొదిలి వైపు వాళ్ళు బోరు నీళ్ళు కాకుండా ఫ్లోరైడ్ తీసేసిన నీళ్ళే తాగండి. పరుగెత్తే మనిషి ఇంట్లో అందరికంటే ఎక్కువ నీళ్ళు తాగుతాడు.

తిండి గంటలోపు పడాలి. ఖర్చుతో పని లేదు. నాలుగు ఇడ్లీలు, రెండు ఉడికిన గుడ్లు, ఒక గ్లాసు పాలు ఉంటే చాలు. రెండు గుడ్లలో 12 గ్రాములు, పాలలో 6 గ్రాముల దాకా ప్రొటీన్ వస్తుంది, ఇడ్లీ మినప్పప్పు నుంచి మరికొంత. గుడ్డు తినని ఇళ్ళల్లో పెసరట్టు, శనగ గుగ్గిళ్ళు, పెరుగు. తొందరుంటే పెరుగు కలిపిన చద్దన్నం, రెండు అరటిపళ్ళు, ఒక వేరుశెనగ ఉండ. మధ్యాహ్నం అన్నంలో చేపల పులుసు ఉన్న రోజు మీరు అదృష్టవంతులు, ముక్కలు మాత్రం ఇంకొకటి వేయించుకోండి. లాంగ్ రన్ తర్వాత కాళ్ళలో ఖర్చయిన శక్తి నిండడానికి 24 గంటలు పడుతుంది. కాబట్టి ఆ రోజు రాత్రి భోజనం కూడా లెక్కలోదే.

బరువు తగ్గాలని పరుగు తర్వాత పదకొండింటిదాకా పస్తుండే అమ్మాయిలు నాకు చాలామంది తెలుసు. అమ్మా, ఇది మీకోసం ప్రత్యేకంగా రాస్తున్నాను. తిండి చాలకపోతే ముందు నెలసరి తప్పుతుంది, తర్వాత ఎముకలు బలహీనపడతాయి. మూడు నెలలు నెలసరి రాకపోతే "పరుగువల్లేలే" అని వదిలేయకండి, డాక్టర్‌ను కలవండి. ఆకుకూర, పప్పు మీద నిమ్మకాయ పిండుకోండి, ఇనుము బాగా పడుతుంది. గూడూరు, పొదలకూరు నిమ్మకాయలు మనకు కరువా? టీ మాత్రం భోజనానికి గంట ఎడంగా తాగండి, అది ఇనుమును పట్టనివ్వదు.

4. రాత్రి నిద్ర

నన్ను ఒక్కటే సలహా ఇమ్మంటే ఇదే ఇస్తాను. పెద్దవాళ్ళకు 7 నుంచి 9 గంటలు, పదహారు పదిహేడేళ్ళ పిల్లలకు 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలి. మసాజ్, ఐస్, కాళ్ళ కింద దొర్లించే రోలర్ ఉంటే హాయిగా ఉంటుంది, లేకపోతే ఏమీ పోదు. నిద్రకు మాత్రం బదులు లేదు.

మన చిక్కు ఎండ. రోహిణి కార్తెలో ఐదింటికల్లా పరుగు మొదలుపెట్టకపోతే ఏడింటికి మాడిపోతాం. నాలుగున్నరకు లేవాలంటే తొమ్మిదికి నిద్ర పట్టాలి. కానీ ఇంట్లో భోజనాలే తొమ్మిదిన్నరకు. ఇలా చేసి చూడండి:

పరుగు రోజుల్లో మీ భోజనం ఎనిమిదిలోపు ముగించండి, మిగతావాళ్ళు తర్వాత తినొచ్చు. సాయంత్రం నాలుగు తర్వాత టీ, కాఫీ వద్దు. ఫోన్ వేరే గదిలో చార్జింగ్‌కు పెట్టండి. పడుకునేముందు గోరువెచ్చటి నీళ్ళతో స్నానం చేయండి, ఉక్కలో కూడా ఒళ్ళు చల్లబడి నిద్ర పడుతుంది. గదిలో వేడి తట్టుకోలేకపోతే మేడ మీద దోమతెర కట్టుకుని పడుకోండి. మధ్యాహ్నం 20, 30 నిమిషాల కునుకు తీయండి. గంట దాటితే రాత్రి నిద్ర చెడుతుంది.

రాత్రి పదకొండు దాటి పడుకున్నారా? నాలుగున్నర అలారం తీసేయండి. పరుగు సాయంత్రానికి మార్చుకోండి, లేదా ఆ రోజు వదిలేయండి. ఐదు గంటల నిద్రతో చేసిన వేగం పరుగు లాభంకంటే నష్టమే ఎక్కువ తెస్తుందని నా గట్టి నమ్మకం. ఈ మాట మీద నాతో వాదించేవాళ్ళున్నారు. వాళ్ళ నోట్‌బుక్ చూపించమంటాను.

5. నాలుగో వారం తగ్గించండి

మూడు వారాలు కొద్దికొద్దిగా పెంచుకుంటూ వెళ్ళాక నాలుగో వారం మూడో వంతు తగ్గించండి. 40 కి.మీ. పరుగెత్తేవాళ్ళు ఆ వారం 26, 28తో ఆపాలి. వేగం పరుగు ఒకటి చిన్నగా ఉండొచ్చు. వారం చివర్లో కాళ్ళు ఊరికే ఉండలేక ఉరకాలనిపిస్తే పని జరిగినట్టే.

6. రేసుకు ముందు, రేసు తర్వాత

హాఫ్ మారథాన్ అయితే చివరి రెండు వారాల్లో దూరం తగ్గించాలి. మొదటి వారం మామూలు దూరంలో మూడింట రెండు వంతులు, రేసు వారం సగంకంటే తక్కువ. వేగం పూర్తిగా మానకండి, 100 మీటర్ల ఉరుకులు నాలుగైదు ఉంచండి. ఒంగోలు గిత్తను పందేనికి ముందురోజు బండ కట్టి లాగించే రైతును నేను చూడలేదు. మన పిల్లలు మాత్రం సెలక్షన్ ముందురోజు 10 కి.మీ. కొట్టి వస్తారు.

రేసు తర్వాత లెక్కకు న్యూజీలాండ్ మారథాన్ పరుగువీరుడు జాక్ ఫోస్టర్ పద్ధతి తేలిక. పరుగెత్తిన ప్రతి మైలుకు ఒక రోజు, అంటే ప్రతి 1.6 కి.మీ.కు ఒక రోజు, వేగం పరుగు గానీ రేసు గానీ పెట్టుకోకూడదు. 10 కి.మీ.కు 6 రోజులు, హాఫ్‌కు 13, ఫుల్ మారథాన్‌కు 26. ఆయన 41 ఏళ్ళ వయసులో 1974 కామన్వెల్త్ క్రీడల్లో మారథాన్‌లో రజతం తెచ్చుకున్నాడు. ఫుల్ మారథాన్ తర్వాత మొదటి వారం నడకే చాలు.

7. నొప్పి వచ్చినప్పుడు

రెండు పిక్కలూ, రెండు తొడలూ సమానంగా పట్టేసి, నడుస్తుంటే సడలితే అది మామూలు నొప్పి. రెండో రోజుకు పెరిగి మూడు నాలుగు రోజుల్లో పోతుంది. నిదానంగా నడవండి.

ఒక్క కాలికే, ఒక్క చోటే ఉండి, పరుగెత్తేకొద్దీ పెరిగితే ఆగిపోవాలి. మూడు రోజులు పరుగు లేకుండా చూడండి. ఎముక మీద వేలితో నొక్కితే ఒకేచోట సలుపు, రాత్రి పడుకున్నా నొప్పి ఉంటే ఎముకల డాక్టర్‌కు చూపించండి. ఎముక సన్నగా చిట్లినది మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. "ఎక్స్‌రే బాగుంది కదా" అని మళ్ళీ పరుగెత్తకండి.

నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తడం అసలు వద్దు. చెమట పట్టి నీరు తగ్గిన ఒంట్లో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీలకు హాని చేయవచ్చు, పైగా ఎముక చెప్పేది మీకు వినపడనివ్వవు. పెద్ద పరుగు తర్వాత కండరాలు విపరీతంగా నొప్పి పుట్టి, మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే అదే గంటలో ఆసుపత్రికి వెళ్ళండి. ఎండలో పరుగెత్తే మనిషి తడబడి, పొంతన లేని మాటలు మాట్లాడుతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటి నిండా చల్లటి నీళ్ళు పోస్తూ, విసురుతూనే 108కు ఫోన్ చేయండి.

జ్వరంలో పరుగు లేదు. నవంబర్ వానల తర్వాత మన దగ్గర డెంగీ వస్తుంది. అది తగ్గినా డాక్టర్ సరే అనేదాకా నడకే.

ఎక్కువగా చేసే తప్పులు

ఆగిన రోజుల బాకీ తీర్చడం అన్నిటికంటే చెడ్డది. గురువారం, శుక్రవారం పోయాయని శనివారం రెట్టింపు చేస్తారు. పోయింది పోయింది, శనివారానికి రాసుకున్నదే చేయండి. వారం పైగా ఆగితే, వదిలిన చోట కాకుండా సగం దూరంతో మొదలుపెట్టండి.

గ్రూపులో ఫొటో పెట్టాలని విశ్రాంతి రోజున కూడా 5 కి.మీ. కొట్టడం ఇంకొకటి. దీనికి మందు గ్రూపులోనే ఉంది, విశ్రాంతి రోజున కూడా "ఈరోజు రెస్ట్" అని పెట్టండి. మా దగ్గర నలుగురు మొదలుపెట్టాక పిల్లల్లో సిగ్గు పోయింది.

ఫలితం ఉందో లేదో చూసుకోవడం

మూడు వారాలు పాటించాక చూడండి. పొద్దున నాడి మీ పాత సగటు దగ్గరికి గానీ, దానికంటే కిందికి గానీ వచ్చి ఉండాలి. లాంగ్ రన్ మర్నాడు మేడ మెట్లు రెయిలింగ్ పట్టుకోకుండా దిగగలగాలి. ప్రతి పది రోజులకూ ఒకే దారిలో, ఒకే సమయానికి, ఒకే వేగంతో 3 కి.మీ. పరుగెత్తి ఆగగానే నాడి చూడండి. వారాలు గడిచేకొద్దీ ఆ అంకె తగ్గాలి. ఎండాకాలం అంకెను డిసెంబర్ అంకెతో పోల్చకండి.

ఇవన్నీ చేసినా మూడు, నాలుగు వారాల తర్వాత కూడా కాళ్ళు బరువుగా ఉండి, మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే తప్పు పరుగులో లేకపోవచ్చు. పది రోజులు పరుగు ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్, విటమిన్ డి పరీక్షల గురించి అడగండి. వెళ్ళేటప్పుడు ఆ నోట్‌బుక్ తీసుకెళ్ళండి. "ఎప్పటినుంచి" అని డాక్టర్ అడిగితే తేదీతో సహా చూపించొచ్చు.